పిడుగు మీద నీళ్లు

అల్కిమోస్ కొండ మీద గురువు దగ్గరికి వచ్చేసరికి అతని జుట్టు నిండా బూడిద ఉంది. గురువు థెరామోన్ రొట్టె ముక్క అందిస్తే తోసేశాడు.

"గోర్గోస్ తాత కాలిపోయాడు గురువుగారూ. ఊరంతా నిలబడి చూశాం."

అది గ్రీకు దేశంలో ఎలిస్ అనే సీమ. దాన్ని ఏలే సాల్మోనియస్‌కు రాజుగా ఉండటం చాల్లేదు. మనకు ఇంద్రుడెలాగో వాళ్లకు జ్యూస్ అలాగ. పిడుగు ఆయన ఆయుధం. "ఆ జ్యూస్ నేనే. ఇకనుంచి పూజలూ బలులూ నాకే" అని రాజు చాటింపు వేయించాడు. నడివీధిలో కంచు రేకులు పరిపించాడు. రథం వెనక కంచు గుండిగలు కట్టి, ఆ రేకుల మీద దడదడలాడిస్తూ తిరిగేవాడు. అది ఉరుమట. మండే కాగడాలు జనం మీదికి విసిరేవాడు. అవి పిడుగులట. పిడుగు పడిన చోట ఎవరూ ఆర్పకూడదు. ఆర్పితే దైవద్రోహం, దానికి శిక్ష మరణం.

ఆ పొద్దున కాగడా ఒకటి బుట్టలల్లే గోర్గోస్ ఇంటి పూరికప్పు మీద పడింది. ముసలాయనకు కాళ్లు పడిపోయి మూడేళ్లు. లోపలినుంచి ఇరుగుపొరుగును పేరుపేరునా పిలిచాడు. భటులు ఈటెలు అడ్డం పెట్టారు.

"నా పేరు కూడా పిలిచాడు," అన్నాడు అల్కిమోస్. పైబట్ట తొలగించి ఛాతీ మీద చిన్న గాటు చూపించాడు. "ఈటె ఇంతే గుచ్చుకుంది. ఇంతకే ఆగిపోయాను."

గురువు రొట్టె ముక్కను తిరిగి గుడ్డలో చుట్టాడు. అది చూసి అల్కిమోస్‌కు ఇంకా మండింది.

"మీరు కొండ మీద కూర్చుని మాకు ధర్మం చెప్తారు. కింద మనుషుల్ని తగలబెడుతుంటే ఒక్క మాటైనా అన్నారా? మీరు అనకపోతే నేనే అంటాను. రేపు సంతలో నిలబడి మాట్లాడతాను. దేవతల పుట్టుక దగ్గర మొదలుపెట్టి, వాడు దేవుడు కాదని నిరూపిస్తాను."

"ఎంతసేపు మాట్లాడతావు?"

"మధ్యాహ్నం దాకా."

"అందాకా కాగడాలు ఆగుతాయా?"

అల్కిమోస్ విసురుగా లేచి కొండ దిగిపోయాడు.

మర్నాడు సంతలో ఒక తిరగలి రాయి ఎక్కి నిలబడ్డాడు. నలుగురు పోగయ్యారు. మొదటి వాక్యం పూర్తి కాకముందే గుండిగల మోత వినబడింది. నలుగురూ పారిపోయారు. అతని మాట అతనికే వినబడలేదు.

అప్పుడు చూశాడు గురువును. థెరామోన్ భుజాన కావడితో, రెండు కుండల నీళ్లతో నదివైపు నుంచి వస్తున్నాడు. అడుగు తీసి అడుగు వేయడానికి ఆయాసపడుతున్నాడు. వీధి మధ్యకు వచ్చి ఒక కుమ్మరామె వాకిట్లో కావడి దించాడు.

రథం వచ్చింది. కాగడా గాల్లో తిరిగి కుమ్మరామె గడ్డివాము మీద పడింది. ఆమె కెవ్వుమంది. భటులు కదిలేలోపే గురువు కుండ ఎత్తి గుమ్మరించాడు. చుయ్యిమంది. మంట పోయింది. బురదలో తారు పూసిన కర్ర ఒకటి పొగలు కక్కుతూ మిగిలింది.

రాజు రథం ఆపించాడు. "ముసలాడా! జ్యూస్ పిడుగును ఆర్పుతావా?"

"పిడుగును ఆర్పడం మనిషి వల్ల అవుతుందా ప్రభూ?" అన్నాడు గురువు. "ఇది ఆరిపోయింది. కాగడా అనుకున్నాను."

వీధిలో ఎక్కడో ఒక ఆడమనిషి నవ్వింది. భటులు ఈటెలు ఎత్తి రాజు వైపు చూశారు. రాజు ఆ కర్ర వైపు చూశాడు. చంపమనాలంటే అది పిడుగేనని ముందు చెప్పాలి. అందరి కళ్లూ ఆ కర్ర మీదే ఉన్నాయి.

ఆయన ముఖం కందిపోయింది. ఇంకో కాగడా లాక్కుని పక్కింటి కప్పు మీదికి విసిరాడు. ఈసారి గురువు కదలనక్కరలేదు. డాబా మీంచి ఎవరో అంట్లు కడిగిన నీళ్లు పోశారు. మూడో కాగడాకు మూడిళ్ల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. రాజు గుర్రాల్ని కొరడాతో కొట్టించి, వీధి చివర చివరి కాగడా విసిరి వెళ్లిపోయాడు. భటులు ఈటెలు దించుకుని రథం వెనక నడిచారు. ఆ రాజు చాన్నాళ్ల తర్వాత నిజమైన పిడుగు పడి పోయాడని చెప్పుకుంటారు. అది వేరే సంగతి.

అల్కిమోస్ రాయి ఒకటి అందుకుని రథం వెంట పరిగెత్తబోయాడు. గురువు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ చివరిల్లు మండుతోంది."

అల్కిమోస్ రాయి చూశాడు, ఇల్లు చూశాడు. రాయి పారేసి రెండో కుండ ఎత్తుకుని పరిగెత్తాడు.

అంతా ఆరాక ఇద్దరూ తడి అరుగు మీద కూర్చున్నారు.  కావడి ఒరుసుకుని గురువు భుజం మీద తోలు లేచిపోయింది. శిష్యుడు ఆ భుజం వైపు చూశాడు.

"మీ ముఖంలో కోపమన్నదే కనబడలేదు గురువుగారూ. మీకు కోపం రాలేదా?"

"రాకపోతే," అన్నాడు థెరామోన్, "ఈ వయసులో నది నుంచి నీళ్లు మోస్తానా?"