ముత్యాలు పోలికతో పుట్టిన గిత్త

ఒంగోలుకు ఇవతల ఊటుకొండపాలెం అనే ఊళ్లో, చేయి జారినదేదీ జారిపోయిందని ఒప్పుకోని మాలకొండయ్య అనే మొండి రైతు ఉండేవాడు. తెగిన చెప్పును ఏడుసార్లు కుట్టించేవాడు. ఎండిపోయిన నిమ్మచెట్టుకు రెండేళ్లు నీళ్లు పోశాడు. అట్లాంటి మనిషి ముద్దుగా పెంచుకున్న గిత్త ముత్యాలు చచ్చిపోతే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ రోజులే వేరు లెండి. తిరునాళ్లలో బండలాగుడు పోటీ ఉందంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ ముత్యాలును చూడడానికే కదిలేవి. కాడికి ఎడమవైపు, దాపట, ముత్యాలు నిలబడేది. చర్నాకోల ఎత్తే పనే లేదు. మాలకొండయ్య "పద నాయనా" అంటే చాలు, గొలుసు బిగిసేది, బండ కదిలేది. ఇంటికొచ్చాక మాలకొండయ్య భార్య ఆదెమ్మ వేణ్నీళ్లతో దాని మెడకు కాపడం పెట్టేది. జొన్నచొప్ప ఆమె చేత్తో అందిస్తేనే తినేది, అంత గారాబం. పన్నెండేళ్లు ఆ ఇల్లు అట్లా కళకళలాడింది. తరవాత ముత్యాలు ముసలిదై ఒకనాడు పడుకుని మరి లేవలేదు. పసుపు కుంకుమ చల్లి పొలంలో పూడ్చారు. మాలకొండయ్య మూడు రోజులు అన్నం ముట్టలేదు.

నాలుగోరోజు లేచి, పశువుల పరిశోధన కేంద్రంలో పనిచేసే డాక్టర్ హైమవతి దగ్గరకు వెళ్లాడు. జాతి గిత్తల గుణాలు భద్రపరచాలని ఆమె అంతకుముందే ముత్యాలు చెవి నుంచి చిన్న తోలు ముక్క తీసి దాచిపెట్టింది.

"దాంతో నా ముత్యాల్ని మళ్లీ పుట్టించగలవా, డాక్టరమ్మా?" అని అడిగాడు.

ఆమె వెంటనే తల ఊపలేదు. "మామిడికి అంటు కడతారు గదా, కొంచెం అట్లాంటిదే. వేరే ఆవు అండం తీసుకుని, అందులో కేంద్రకం తీసేసి, మీ గిత్త కణంలోని కేంద్రకం పెడతాం. దాన్ని ఇంకో ఆవు కడుపులో పెంచుతాం. రూపం వస్తుంది. కానీ వచ్చేది ముత్యాలు కాదు పెద్దాయనా, ముత్యాలుకు ఆలస్యంగా పుట్టిన కవల తమ్ముడు. పైగా చాలాసార్లు ఈ పని తప్పిపోతుంది. దూడలు చనిపోతాయి, మోసిన ఆవులూ బాధపడతాయి. ఆలోచించుకోండి" అంది.

మాలకొండయ్య చెవిన పడింది ఒక్కటే మాట, రూపం వస్తుందని. "పుట్టించమ్మా" అన్నాడు.

రెండు దూడలు కడుపులోనే పోయాయి. మూడోది పుట్టిన మర్నాడు పోయింది. నాలుగోది బతికింది. మాలకొండయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు. దూడను మోసిన కపిల అనే ఆవు సంగతి ఆయన అడగనే లేదు. ఆదెమ్మే అడిగి, "తల్లినీ బిడ్డనీ విడదీస్తే పాపం చుట్టుకుంటుంది" అని కపిలను కూడా ఇంటికి తోలించింది.

దూడను చూస్తే అచ్చం ముత్యాలే. అదే పాలతెలుపు, అవే కాటుక కళ్లు. మాలకొండయ్య పాత మువ్వల పట్టెడ తీసి తుడిచి దాని మెడకు కట్టాడు. పాత కట్టుగొయ్యకే దాన్ని కట్టి, ముత్యాలు అనే పిలిచాడు. పిలిచిన ప్రతిసారీ అది కపిల వైపు చూసేది. జొన్నచొప్ప వేస్తే వాసన చూసి వదిలేసేది.

"మరిచిపోయాడే ఆదెమ్మా. మెల్లగా గుర్తొస్తుందిలే" అనేవాడు.

"మరిచిపోవాలంటే ముందు తెలిసుండాలి గదయ్యా" అనేది ఆవిడ. ఆ మాట ఆయనకు రుచించేది కాదు.

మూడో ఏడు రెండు పళ్లు వేయగానే గిత్తను కాడికి అలవాటు చేయసాగాడు. చిన్నప్పటినుంచీ అది కపిలకు కుడిపక్కనే నడిచి పెరిగింది. అందుకని కాడి ఎత్తగానే కుడివైపుకే పోయేది. జతకు తెచ్చిన పొరుగూరి గిత్తకు ఏ పక్కైనా ఒకటే. అయినా మాలకొండయ్య ఒప్పుకుంటేనా. "ముత్యాలంటే దాపటే" అని రోజూ ఎడమకే లాగి కట్టేవాడు. అది పక్కకు గుంజుకునేది. గుంజి గుంజి మెడ పుండు పడింది.

"వాడు కుడికి పోతానంటుంటే నీకేం నొప్పయ్యా?" అంది ఆదెమ్మ.

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు.

తిరునాళ్లు వచ్చాయి. మైకులో ముత్యాలు పేరు చదవగానే జనం ఈలలు వేశారు. మాలకొండయ్యకు పాత రోజులు కళ్లముందు తిరిగాయి. "పద నాయనా" అన్నాడు. జత గిత్త ముందుకు దూకింది. ఇది కుడికి గుంజుకుని, దారి దొరక్క ఆగిపోయింది. మళ్లీ అన్నాడు. కదల్లేదు. జనంలో ఎవరో నవ్వారు. ముత్యాలు మీద ఒక్కనాడూ ఎత్తని చర్నాకోల ఆ పూట ఎత్తి ఛెళ్లున కొట్టాడు. గిత్త బెదిరి పక్కకు దూకింది. గొలుసు కాళ్లకు చుట్టుకుని, ముంగాలు మడతపడి కూలిపోయింది.

ఇంటికి ట్రాక్టరులో తెచ్చారు. డాక్టర్ హైమవతి వచ్చి కట్టు కట్టింది. "బండ సంగతి ఇక మరిచిపోండి. ఇప్పుడు మేత ముట్టాలి. రెండు రోజుల్లో తినకపోతే లేవడం కష్టం" అని చెప్పింది.

మాలకొండయ్య పరుగున జొన్నచొప్ప తెచ్చాడు. మొహం తిప్పుకుంది. ముత్యాలు ఇష్టపడే తవుడు కలిపాడు, బెల్లం పెట్టాడు. వేటినీ చూడలేదు. ఆదెమ్మ ఏదో చెప్పబోతే "నా గిత్త సంగతి నాకు తెలుసు" అని తోసేశాడు. మర్నాడు సాయంత్రానికి దాని కళ్లు వాలిపోయాయి. ఆయన దాని పక్కనే నేలమీద కూలబడ్డాడు.

"ఆదెమ్మా, వీడికి ఏమంటే ఇష్టమే?" అని మెల్లగా అడిగాడు.

"మూడేళ్లకు అడిగావు" అంది ఆదెమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అవిశాకంటే ప్రాణం. నువ్వు లేనప్పుడు నేను పెట్టేదాన్ని. తలుపు మూసుంటే దిగులు పడతాడు. వీపు గోకించుకోడు, మెడకింద గంగడోలు నిమిరితే కళ్లు మూసుకుంటాడు."

మాలకొండయ్య నివ్వెరపోయి విన్నాడు. తన కొట్టంలో మూడేళ్లుగా ఉన్న ప్రాణి గురించి తనకు ఒక్క ముక్క తెలియదు. వెళ్లి అవిశ కొమ్మలు విరుచుకొచ్చాడు. తలుపు బార్లా తెరిచాడు. గంగడోలు నిమురుతూ ఆకు నోటికి అందిస్తే, ఎంతోసేపటికి గిత్త ఒక రెమ్మ అందుకుని నమిలింది.

అప్పుడు ఏడ్చాడాయన. నా ముత్యాలు పోయాడే, నిజంగానే పోయాడే అంటూ ఇన్నేళ్లుగా ఏడవని ఏడుపంతా ఆ పూట ఏడ్చాడు. ఆదెమ్మ వారించలేదు.

గిత్త బతికింది, కొంచెం కుంటుతూ. మాలకొండయ్య మువ్వల పట్టెడ విప్పేసి దానికి శంకుడని కొత్త పేరు పెట్టుకున్నాడు. పేరు అలవాటయ్యేదాకా రోజూ కపిల పక్కన నిలబడి పిలిచేవాడు.

నీతి: శాస్త్రం పోయినవారి రూపాన్ని తేగలదు గానీ వారితో గడిపిన రోజుల్ని తేలేదు, ఏ కడుపున ఎట్లా పుట్టినా ప్రతి ప్రాణీ తన బతుకు తాను బతకడానికే పుడుతుంది, దాని మెడకు ఇంకొకరి బతుకును కట్టకూడదు.