భద్రమ్మ చుట్టిన కండెలు

దగ్గరగా జరగండమ్మా. అయ్యా, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళూ, లోపలికొచ్చి కూర్చోండి. మా గురువుగారు నారణయ్యస్వామి చేసిన ఒక చిన్న పని చెబుతాను. భగవంతుడు నా మాట తడబడనీయకుండు గాక.

ఆయన శిష్యుడు సుగుణాకర్ మనసు వైద్యం చదువుకున్నవాడు. నేతవీధిలో వృద్ధుల బాగోగులు చూసేవాడు. ఒకనాడు దిగాలుగా వచ్చి ఇలా అడిగాడు.

"స్వామీ, పెద్దవాళ్ళు నాకు గుండె విప్పరు. దిగులుగా ఉందా అంటే మోకాలు చూపిస్తారు. మార్కండయ్య తాతయితే భార్య పోయినప్పటినుంచి మగ్గం ముట్టలేదు. ఇరవై రోజులుగా మజ్జిగ తప్ప ఏదీ పుచ్చుకోవడంలేదు. పలకరిస్తే, 'నాకేమన్నా పిచ్చనుకున్నావా?' అని కసిరాడు. మనిషి దక్కడేమోనని భయంగా ఉంది. ఆయన్ని ఎలా అడగాలి?"

స్వామి చేతికర్ర అందుకుని, "పద" అన్నారు.

మార్కండయ్య గోడవైపు తిరిగి మంచంమీద పడుకుని ఉన్నాడు. స్వామి, "బాగున్నావా మార్కండయ్యా?" అని ఒక్కమాట అని, మూలనున్న రాట్నం ముందు చతికిలబడ్డారు. అది మార్కండయ్య భార్య, పోయిన భద్రమ్మది. మగ్గంమీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టనే కండె అంటారు. ఇన్నేళ్ళూ మొగుడికి ఆ కండెలు చుట్టి అందించింది భద్రమ్మే. స్వామి రాట్నం తిప్పడం మొదలుపెట్టారు. ఒకచోట బొడిపె, ఒకచోట వదులు. నూలు పుటుక్కున తెగింది. ముడేసి మళ్ళీ తిప్పారు. మళ్ళీ తెగింది.

మంచం కిర్రుమంది.

"అది నూలా, మీ గడ్డమా స్వామీ? అలా పీకుతున్నారేం?"

"ఎలా చుట్టాలయ్యా మరి?"

"అంత వదులైతే నాడె పరిగెత్తదు. జరగండి, జరగండి!"

ముసలాయన గోడ పట్టుకుని లేచి వచ్చాడు. స్వామి వేళ్ళమీద తన వేళ్ళు పెట్టి నూలు బిగువు చూపించాడు. "మా ఆవిడైతే కళ్ళు మూసుకుని చుట్టేది" అన్నాడు. అంతలోనే చెయ్యి ఆగిపోయింది.

గూట్లోని డబ్బా వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "తను పోయిన రోజు పొద్దున కూడా ఏడు కండెలు చుట్టింది స్వామీ. ఆ డబ్బాలో ఉన్నాయి. నేస్తే అయిపోతాయి కదా."

అప్పుడు ఏడ్చాడు. స్వామి ఓదార్చలేదు. రాట్నం వదల్లేదు. కాసేపటికి మార్కండయ్య ముఖం తుడుచుకుని కోడలిని కేకేశాడు. "అమ్మాయ్, స్వామికి అన్నం వడ్డించు. ఈ పిల్లాడికీ పెట్టు." కాస్త ఆగి, "నాకూ ఒక ముద్ద" అన్నాడు.

తిరిగి వస్తుంటే సుగుణాకర్ ఉండబట్టలేకపోయాడు. "ఆయన దుఃఖం గురించి మీరు ఒక్కమాటా అడగలేదేం స్వామీ?"

"నాకు కండె చుట్టడం రాదు నాయనా. అదే అడిగాను" అన్నారు స్వామి.

ఇంతే తల్లీ కథ. తెగిన ఆ నూలును మరచిపోకండి. రేపు మీ ఇంట పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, మీకు రాని వాళ్ళ పనొకటి చేతిలోకి తీసుకోండి. తిడితే తిట్టించుకోండి.