ఉత్తచేతుల దొరకు బురద మొక్కు

గోదావరికి ఎగువన, వెదురు అడవుల నడుమ ఉన్న కొమ్ముగుట్టకు కొత్తగా వచ్చే భక్తులు నివ్వెరపోతారు. ఇక్కడ స్వామికి పూలు వేయరు, బురద కొడతారు. హారతి పాటకు బదులు ఆడవాళ్లు నోరారా ఎత్తిపొడుస్తారు. గుహ ముంగిట ఒంటికొమ్ముతో వంగి ఉన్న ఆ నల్లరాతి పేరు ఉత్తచేతుల దొర. పేరుమోసిన వేటగాడికి ఆ పేరెందుకు వచ్చిందో తెలుసుకున్నాకే బురద చేతబట్టడం మంచిది.

పూర్వం, తెల్లదొరల ఏలుబడిలో, ఈ కొండల్లోని కోయవారికి కారం సింగన్న దొర పెద్ద. అంతటివాడు ముందు లేడు, తరువాత పుట్టలేదు. ఆయన బాణం మూడు తాటిచెట్లను తొలుచుకుపోయి, నాలుగోదాని కల్లుకుండను పగలకుండా దించేది. ఆయన దగ్గితే ఆవలి గట్టున పులి దారి మార్చుకునేది. అలాంటివాడికి తెల్లదొరల కబురు వచ్చింది. విల్లులు అప్పగించి, జనమంతా కొండ దిగి, పటాలం వేసిన పాకల్లో ఉండి, వాళ్లు పెట్టింది తినాలట. దొర ఒప్పుకోక జనాన్ని ఈ గుహలో దాచాడు.

ఇంతలో విత్తనాల పండుగ వచ్చింది. వేటనెత్తురు తాకనిదే విత్తనం నేలలో పడకూడదు. విత్తకపోతే తిండి లేదు, తిండి లేకపోతే పాకలకు దిగక తప్పదు. మగవాళ్లను కాపలా ఉంచి, పండుగకు కట్టే దున్నకొమ్ముల తలపాగా భుజాన వేసుకుని దొర ఒక్కడే వేటకు వెళ్లాడు.

భార్య కన్నమ్మ గుహ ముంగిట విత్తనాల గంప పక్కన కూర్చుంది. పొద్దు వాలుతుండగా లోయలో తుపాకీ పేలింది. దొర చేతిలో తుపాకీ లేదు. ఆడవాళ్లంతా ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె లేస్తే అందరూ పరుగు తీస్తారు. అందుకే లేవలేదు. పక్కన పండుగకు ఉంచిన బురదనీళ్ల కడవ కలుపుతూ, దొర దున్నను పెళ్లికి పిలవడానికి వెళ్లాడేమోనని వేళాకోళమాడింది.

చివరికి దొర వచ్చాడు. తలపాగాకు ఒకటే కొమ్ము. భుజాన వేట లేదు. అడవిదున్నకు గురిపెట్టిన క్షణాన పటాలం గుహ దారి పట్టడం చూశాడట. దున్నను వదిలేసి, కొమ్ములు తలకెత్తుకుని, వెదురు పొదలు విరుచుకుంటూ పరుగెత్తితే, సిపాయిలు నిజం దున్నేననుకుని వెంటపడ్డారు. వాళ్లను ఏడు గుట్టలు దాటించి, తమ పేర్లు తామే మరిచేలా తిప్పి వదిలాడు.

ఉత్తచేతులతో వచ్చిన వేటగాడికి ఆడవాళ్లు బురద కొట్టి ఎత్తిపొడవాలి. అది కట్టుబాటు. కన్నమ్మకు చెయ్యి రాలేదు.

"కొట్టవే," అన్నాడు దొర. "నా కోసం కట్టుబాటు తప్పితే, రేపు ఏ మాట చెప్పి వీళ్లను కొండమీద నిలుపుతాను?"

కన్నమ్మ దోసిట బురద తీసింది. ఎత్తిపొడుస్తూ అడిగింది: "ఏం దొరా, నీ బాణం చుట్టాలింటికి పోయిందా?"

బురద రొమ్మున తగిలింది. దొర నవ్వి గంపమీదికి వంగాడు. నల్లగా మొదలైన బురద ఎర్రగా జారి విత్తనాలమీద పడింది. కొమ్మును విరిచిన తూటా అక్కడితో ఆగలేదని, రొమ్ములోనూ దిగిందని కన్నమ్మకు అప్పుడు తెలిసింది. విత్తనానికి వేటనెత్తురు తాకింది.

ఆ గింజలకు మోయడానికి ఇద్దరు పట్టేంత కంకులు వచ్చాయి. ఎవరూ కొండ దిగలేదు. దొర మాత్రం వంగినచోటే రాయి అయ్యాడు. ఒక ఏడు ఎవరో పెద్దమనుషులు దేవుడికి బురదేమిటని పాలు పోస్తే, వాన ఏరు దాటి రాలేదు.

నేటికీ తొలి దోసిలి కారం వారి కోడలిదే. రాతి రొమ్మునుంచి జారిన బురదను విత్తనాల్లో కలుపుకున్నవారి చేను ఎండదని నమ్మకం. ఇంటాయన దూరాన ఉండి కబురు అందని ఇల్లాళ్లు ఇక్కడ వేరే మొక్కేమీ మొక్కరు. బురద చేతబట్టి, కన్నమ్మ అడిగిన మాటే అడిగి, ఇంటికి వెళ్లి ఎదురుచూస్తారు.