వంటస్వామి చేతులు

గోవర్ధనానికి ఒళ్ళు మండింది. కొండకింద ఆశ్రమంలో మూడేళ్ళుగా వంట అతనిదే. మడి కట్టుకుంటే గాని పొయ్యి దగ్గరికి వెళ్ళడు. అతని కందిపచ్చడి కోసమే పట్నం నుంచి పనిగట్టుకుని వచ్చే భక్తులున్నారు. వాళ్ళ భక్తి సంగతి మనకెందుకు. ఆ చేతివంట తింటున్న శిష్యుల్లో ముగ్గురు ఒకే ఏడాదిలో మూర్ఛ వచ్చి పడిపోయారు. చూడవచ్చిన డాక్టరమ్మ, వాళ్ళ మెదడులో బద్దెపురుగు పిల్లలు చేరాయంది.

"అది పందిమాంసం తినేవాళ్ళ జబ్బు కదమ్మా. ఇక్కడ ఉల్లిపాయ కూడా గడప దాటదు," అన్నాడు గోవర్ధనం.

"మాంసం తిన్నవాడి కడుపులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు వాడి చేతికి అంటుకుని, అన్నంలో పడితే, ఆ అన్నం తిన్నవాళ్ళ కడుపులో పిల్లలై మెదడుకెక్కుతాయి. అక్కడ బతికున్నంతకాలం ఒంటికి దొరక్కుండా దాక్కుంటాయి. చచ్చేటప్పుడు ఒళ్ళు పసిగట్టి మీద పడుతుంది. ఆ పోట్లాటకే వాపు, మూర్ఛ."

"మరి పురుగును మోసేవాడికో?"

"వాడికేం తెలియదు. గుండ్రాయిలా తిరుగుతాడు."

గోవర్ధనానికి మూడేళ్ళలో తుమ్మయినా రాలేదు.

అందరూ మలపరీక్షకు ఇవ్వాలంది డాక్టరమ్మ. "మడి మనిషిని, నావల్ల కాదు," అన్నాడతను. అతన్ని చూసి మిగతావాళ్ళూ మొహాలు తిప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే గురువుగారు అవ్యయానందస్వామి చిన్న డబ్బా ఒకటి తెచ్చి అందరి ముందూ బల్లమీద పెట్టారు.

"ఇది నాది. ఇందులో వేదాంతమేమైనా కనపడితే చెప్పమ్మా."

మధ్యాహ్నానికి నలభై డబ్బాలు చేరాయి. గుడ్లు దొరికింది ఒక్కదాంట్లోనే. అది గోవర్ధనానిది.

నాలుగు మాత్రలు నమిలి మింగాడు. మూడు గజాల పురుగు పడింది. వెళ్ళి స్వామి కాళ్ళమీద పడ్డాడు.

"ఇక్కడికి రాకముందు, రోడ్డుపనుల క్యాంపులో..."

"నేనడిగానా?"

"వెళ్ళిపోతాను స్వామీ. ముగ్గురి ఉసురు పోసుకున్నాను."

"మూడు నెలలు గోశాల చూడు. చేతులు దేంతో కడుగుతావు?"

"నీళ్ళతోనే. సబ్బులో కొవ్వు కలుస్తుందంటారు. మడికి పనికిరాదు."

స్వామి వాదించలేదు. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టారు. నురుగు తీసి, గోవర్ధనం చేతులు పట్టుకుని, గోళ్ళ సందులదాకా తానే రుద్దారు.

మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేశారు. ఎవరిలోనూ గుడ్డు కనపడలేదు. మందులతో కోలుకున్న ముగ్గురూ పంక్తిలో కూర్చున్నారు. గోవర్ధనం చారు వడ్డించుకుంటూ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఒక్కరూ విస్తట్లో చెయ్యి పెట్టలేదు.

స్వామి కలుపుకుని, జుర్రుకుని తిన్నారు. విస్తరి చూపించారు.

"మారు."

ముగ్గురిలో మొదట పడిపోయిన శరభయ్య గబగబా నాలుగు ముద్దలు మింగి, "అంతా అక్కడే పోస్తే మాకేం మిగులుతుందయ్యా వంటస్వామీ, ఇటు రా," అన్నాడు.

బక్కెట్టు అడుగు కనపడేదాకా గోవర్ధనాన్ని ఎవరూ కదలనివ్వలేదు.