తొమ్మిది దీవుల ఆట

పిల్లలకు ఏది తగునో, ఏది తగదో తేల్చే పని రహంతుల్లాది. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ సూఫీ మఠంలో నలభైమంది పిల్లలు చదువుకుంటున్నారు. పుస్తకమైనా, బొమ్మైనా, కొత్త రకం మిఠాయైనా ముందు మూడు రోజులు రహంతుల్లా దగ్గర ఉండాలి. ఆ తరువాతే పిల్లలకు. గురువు అమీనుద్దీన్ హజ్రత్ పెట్టిన కట్టుబాటది.

ఈసారి ఆదోని భక్తుడొకాయన ఒక ట్యాబ్ తెచ్చిచ్చాడు. అందులో ఒక ఆట ఉంది. నీలం సముద్రంలో తొమ్మిది దీవులు, ఇద్దరికీ చెరి నాలుగు ఓడలు. ఒకరి తరువాత ఒకరు ఓడలు జరుపుతూ ఎదుటివారికి కదలడానికి దారి లేకుండా చుట్టుముట్టాలి. ఆట మొదలయ్యే ముందు 'ఎనిమిదేళ్లు నిండినవారికి' అని తెర మీద పడుతుంది.

"పనికిరాదంటే గురువారం వచ్చి పట్టుకుపోతాను" అన్నాడు ఆదోని ఆయన. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్లలకు అన్నం సహించలేదు.

రహంతుల్లా మొదటి రెండు రోజులు తానొక్కడే యంత్రంతో ఆడాడు. 'రక్తపాతం లేదు. పందెం లేదు. ఓర్పు నేర్పుతుంది' అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

మూడో రోజు పిల్లలతో ఆడి చూడాలి కదా అని తొమ్మిదేళ్ల షమీమాను కూర్చోబెట్టుకున్నాడు. వరుసగా మూడుసార్లు ఓడాడు. ఆ సంగతి పుస్తకంలోకి ఎక్కలేదు గానీ, మూడో పుట మాత్రం నిండిపోయింది. 'జిత్తులు నేర్పుతుంది. పెద్దలంటే భయం పోతుంది. తగదు.'

గురువారం ఉదయం హజ్రత్ ఆ మూడు పుటలూ చదివారు.

"రెండు రోజులు మంచిదేనా?"

"అప్పటికి లోతు తెలియలేదు హజ్రత్."

"నాకూ లోతు చూపించు. ఒక ఆట వేద్దాం."

ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. హజ్రత్ కళ్లజోడు సవరించుకుని, ఒక్కో ఓడనూ వేలితో మెల్లగా జరుపుతున్నారు. ఇంతలో షమీమా టీ తెచ్చింది. తెర చూసి ఆగలేకపోయింది.

"హజ్రత్, ఆ ఎడమ మూల దీవికి మాత్రం పోకండి. నిన్న సార్ మూడుసార్లూ అక్కడే చిక్కారు."

రహంతుల్లా చెవులు ఎర్రబడ్డాయి.

"అలాగా తల్లీ" అన్నారు హజ్రత్. టీ ఒక గుక్క తాగి, తన వంతు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా ఓడలు నాలుగూ తీసుకెళ్లి ఆ ఎడమ మూలలోనే పెట్టారు.

షమీమా నోరు తెరిచి చూసింది. రహంతుల్లా కళ్లు మెరిశాయి. నాలుగంటే నాలుగు ఎత్తుల్లో చుట్టుముట్టేశాడు.

"గెలిచాను హజ్రత్!" అన్నాడు, మఠమంతా వినపడేలా. పదిహేనేళ్లుగా గురువుగారి ముందు అతని గొంతు అంత పైకి లేచింది లేదు.

"గెలిచావు. మరి ఇప్పుడు చెప్పు, పిల్లలకు తగునా?"

"ఆలోచిస్తే అంత చెడ్డదేం కాదు హజ్రత్. ముందుచూపు అలవడుతుంది. నిన్న నేనే కాస్త తొందరపడ్డాను."

"ఆ మాటే రాసెయ్" అని హజ్రత్ నోటుపుస్తకం, కలం అందించారు.

రహంతుల్లా హుషారుగా పుస్తకం తెరిచాడు. మూడో పుట కనిపించింది. కలం ఆగిపోయింది. ఒకసారి ఆ పుటను చూశాడు. ఒకసారి తెర మీద, ఎడమ మూలలో ఇరుక్కుపోయిన గురువుగారి ఓడల్ని చూశాడు. తల ఎత్తడానికి సిగ్గేసింది.

హజ్రత్ తొందరపెట్టలేదు. మిగిలిన టీ నింపాదిగా తాగారు.

చాలాసేపటికి రహంతుల్లా మూడో పుట అడుగున ఒక్క వాక్యం రాసి, పుస్తకం ఆయన ముందు పెట్టాడు.

'నిన్న షమీమా చేతిలో మూడుసార్లు ఓడిపోయాను.'

హజ్రత్ అది చదివి, ట్యాబ్ తీసి షమీమా చేతికిచ్చారు. ఆ పిల్ల దాన్ని గుండెకు హత్తుకుని వరండాలోకి పరిగెత్తింది. అక్కడ నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. ఆ కేరింతలు వింటుంటే రహంతుల్లాకు ఎందుకో కడుపు నిండినట్టయింది.

"సార్, మీరూ రండి!" అని బయటి నుంచి షమీమా కేక.

రహంతుల్లా గురువుగారి వైపు చూశాడు.

"వెళ్లు బేటా" అన్నారు హజ్రత్. "ఎనిమిదేళ్లు నిండినవారికని రాశారు కదా. నీకు ఇవాళ నిండాయి."