వెనక జీపు మాట

ఏ రేడియో కొనాలో ఇద్రీస్‌కు ఒక పట్టాన తేలలేదు.

థార్ ఎడారి అంచున యాకూబ్ షా అనే సూఫీ గురువు ఆశ్రమం ఉంది. అక్కడి శిష్యులు నెలకోసారి రెండు జీపుల్లో ఇసుక దిబ్బలు దాటి వెళ్లి, గొర్రెల కాపరుల గుడిసెల్లో మంచాన పడ్డవాళ్లను ఆసుపత్రికి తీసుకొస్తారు. ముందు జీపు దారి చూస్తుంది. రోగులు వెనక జీపులో వస్తారు. కిందటిసారి వెనక జీపు ఇసుకలో కూరుకుపోయింది. ముందు జీపువాళ్లు ఆ సంగతి గమనించి వెనక్కి వచ్చేసరికి అందులోని ముసలామెకు వడదెబ్బ తగిలింది. ఆమె బతికి బయటపడింది గానీ, ఆశ్రమంలో చాలా రోజులు ఎవరికీ అన్నం సయించలేదు.

అందుకని జీపు నుంచి జీపుకు మాట్లాడుకునే రేడియోలూ, దారి చూపే జీపీఎస్సూ కొందామనుకున్నారు. ఆ పని ఇద్రీస్‌కు అప్పగించారు. ముందు జీపు నడిపేది అతనే. పైగా యంత్రాలంటే చెవి కోసుకుంటాడు.

పట్నంలో దుకాణాలన్నీ గాలించి, చివరికి అన్నిటికన్నా శక్తిగల రేడియో తెచ్చి తన జీపుకు బిగించాడు. దాని ఏరియల్ మనిషెత్తు ఉంది. స్టీరింగ్ పక్కన పెద్ద తెర ఉన్న జీపీఎస్ అమర్చాడు. డబ్బు వాటికే సరిపోవడంతో, వెనక జీపు నడిపే జుబేర్ చేతిలో చిన్న వాకీటాకీ ఒకటి పెట్టాడు. ఆవరణలో ఆ చివరా ఈ చివరా నిలబడి పరీక్షిస్తే రెండూ ఖంగుమని పలికాయి. ఇద్రీస్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు.

"దారి చూపేవాడి మాట దూరం పోవాలి కదా బాబా," అన్నాడు గురువుతో. "ఎన్ని దిబ్బలు అడ్డొచ్చినా నా మాట వెనకవాళ్లకు అందుతుంది."

యాకూబ్ షా జీపులోకి వంగి రేడియోను అటూ ఇటూ పరికించి చూశాడు.

"బాగుంది. రేపు ఒకసారి దిబ్బల్లోకి వెళ్లొద్దాం. నేనూ వస్తాను."

"నా పక్కన మెత్త వేయిస్తాను బాబా."

"వద్దులే. వెనక జీపులో రోగుల పరుపు ఉందిగా, దాని మీద పడుకుంటాను."

మర్నాడు బయలుదేరారు. ఇద్రీస్ మైకు అందుకున్నవాడు అందుకున్నట్టే ఉన్నాడు. ఇక్కడ ఇసుక మెత్తగా ఉంది, ఎడమవైపు రండి అన్నాడు. టైర్లలో గాలి ఇంకాస్త తీయండి అన్నాడు. దిబ్బ ఎక్కేటప్పుడు వేగం తగ్గించొద్దన్నాడు. అటునుంచి జవాబు రాలేదు. శ్రద్ధగా వింటున్నారు కాబోలనుకున్నాడు. మారు మాట్లాడకుండా వినేవాళ్లు దొరికితే ఎవరికి మాత్రం చేదు?

ఒక పెద్ద దిబ్బ దిగాక అద్దంలోకి చూస్తే వెనక ఎవరూ లేరు.

"జుబేర్, ఎక్కడున్నారు?"

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. తెర మీద బాణం గుర్తు ఇద్రీస్ ఎక్కడున్నాడో వెంట్రుకవాసి తేడా లేకుండా చూపిస్తోంది. జుబేర్ ఎక్కడున్నాడో దానికి తెలియదు.

బాబాకు డెబ్బై దాటాయి. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇద్రీస్ జీపు తిప్పి, తాను వచ్చిన టైర్ల జాడ పట్టుకుని వెనక్కి నడిపాడు. గాలికి ఆ జాడ సగం అప్పటికే పూడిపోయింది. రెండుసార్లు దారి తప్పి, భయంతో ఏడుపొచ్చినంత పనై, చివరికి ఒక దిబ్బ పక్కన వెనక జీపును చూశాడు.

అది కూరుకుపోలేదు. ఇంజన్ ఆపి నిలిపి ఉంది. యాకూబ్ షా పరుపు మీద పడుకుని ఉన్నాడు. నుదుటి మీద తడిగుడ్డ ఉంది. పెదవులు ఎండిపోయాయి.

"బాబా ఆపమన్నారు," అన్నాడు జుబేర్. అతని గొంతు బొంగురుపోయింది. "ఆపి నిన్ను పిలవమన్నారు. అప్పట్నుంచీ పిలుస్తూనే ఉన్నాను."

"నాకు ఒక్క మాటా వినపడలేదు."

"నీ మాటలన్నీ మాకు వినపడ్డాయి. నీ రేడియోకున్న బలం ఈ వాకీటాకీకి లేదు. దీని మాట దిబ్బ దాటదు."

ఇద్రీస్ గురువు పాదాల దగ్గర కూలబడ్డాడు. యాకూబ్ షా కళ్లు తెరిచాడు.

"దారి చాలా చక్కగా చెప్పావు నాయనా," అన్నాడు. "పొల్లు పోకుండా విన్నాం."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఇద్రీస్‌కు.

గురువుకు నీళ్లు తాగించి, తన జీపు దగ్గరికి వెళ్లాడు. పెద్ద రేడియో మరలు విప్పాడు. ఏరియల్ దించాడు. రెండూ తెచ్చి, పరుపు మీద పడుకున్నవాళ్లకు చెయ్యి అందేటట్టు వెనక జీపులో బిగించడం మొదలుపెట్టాడు. వాకీటాకీ తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు.

జుబేర్ కాసేపు చూసి, "ఇలా మారిస్తే మా మాట నీకు అందుతుంది సరే. నీ మాట మాకు అందదు కదా," అన్నాడు.

"టైర్ల జాడ ఉంటుందిగా," అన్నాడు ఇద్రీస్ తలెత్తకుండా.

"గాలికి చెరిగిపోతే?"

"చెరిగిపోయేంత దూరం పోను."