కొలువులో రాజుగారి గడ్డ

పిల్లలూ, మనమున్న ఈ దూరదేశంలో ఈ కథ మీకు చెప్పేవాళ్లు లేరు. అందుకని నేనే చెబుతున్నాను. రాజు పేరు ఒక్కొక్కరు ఒక్కొక్కలా చెబుతారు. నేను విన్న పేరే చెబుతాను.

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆస్థాన వైద్యుడి మందు కావలసినవారెవరైనా కొలువులో నిలబడి తమ జబ్బు చెప్పుకోవాలని, కేకలవాడు దాన్ని మూడుసార్లు గట్టిగా చాటాలని ఆయన ఆజ్ఞ. ‘రాజైనా సరే, బంటైనా సరే’ అన్న మాట కూడా తానే రాయించాడు. తన కొలువులో దాపరికం లేదని ఆయనకు మహా గర్వం.

ఒకనాడు రాజు మీసం దువ్వుకుంటూ అన్నాడు. “ఆరేళ్లలో ఒక్క ఆడమనిషైనా జబ్బని రాలేదు. నా ఏలుబడిలో స్త్రీలకు రోగమే లేదన్నమాట. ఈ సంగతి రాతి మీద చెక్కించండి.”

విన్నపాలు చూసే తిప్పన లేచాడు. “ప్రభూ, మా అమ్మాయి మాచమ్మకు ఏడో నెల. కాళ్లు వాచాయి, కళ్లు తిరుగుతున్నాయి. మా వీధిలో ఇదే బాధతో ఇద్దరు పోయారు. గుర్రాలకు కచేరీ ఉంది, ఏనుగులకు ఉంది. ఆడవాళ్ల ఆరోగ్యానికీ ఒకటి పెట్టించండి.”

“గుర్రాలకు నోరు లేదయ్యా. మీ అమ్మాయికి ఉందిగా, వచ్చి చెప్పుకోమను.”

ఇంటికి వెళ్లి అడిగితే మాచమ్మ తల అడ్డంగా ఊపింది. “నా కడుపు సంగతి ఆ కేకలవాడు మూడుసార్లు అరుస్తుంటే వినమంటావా నాన్నా? చస్తే చస్తాను గాని రాను.”

తిప్పనకు ముద్ద దిగలేదు.

నాలుగు రోజులకు వైద్యుడు కట్టు సామాను చంకన పెట్టుకుని అంతఃపురం వైపు పోతూ కనిపించాడు.

“ఎవరికండీ మందు?” అన్నాడు తిప్పన.

“చెప్పకూడదు.”

“చెప్పొద్దు లెండి. కొలువులో కేక పడిందా?”

కేక పడకుండా మందు వేస్తే ఆజ్ఞ తప్పినట్టేనని వైద్యుడు వెనక్కి తిరిగాడు. కాసేపటికి రాజు నుంచి తిప్పనకు పిలుపు వచ్చింది. తిప్పన ఆజ్ఞాపత్రం విప్పి, ‘రాజైనా సరే’ అన్నచోట వేలు పెట్టాడు. తన ఆజ్ఞ తానే దాటాడనిపించుకోవడం ఉద్దండవర్మకు చావుతో సమానం. మర్నాడు కొలువుకు వచ్చాడు. సింహాసనం మీద కూర్చోకుండా పక్కన నిలబడ్డాడు.

“నాకొక గడ్డ లేచింది,” అన్నాడు నెమ్మదిగా.

“ప్రభువులవారికి గడ్డ లేచిందహో!” అని కేకలవాడు మూడుసార్లు చాటాడు.

“ఎక్కడ ప్రభూ?” అన్నాడు తిప్పన. “వైద్యుడికి చోటు తెలియాలి కదా.”

“వెనకాల…”

కేకలవాడు ఊపిరి పీల్చాడు.

“ఆగరా,” అన్నాడు రాజు. ఎదురుగా రెండువందల మంది చెవులు రిక్కించుకుని ఉన్నారు. “అందరినీ బయటికి పంపండి. తలుపు వేయండి. వైద్యుడొక్కడే ఉండాలి.”

“చిత్తం. చిన్న గడ్డ కోసం ప్రభువులు ఇంతమందిని పంపగలరు. మా మాచమ్మ ఎవరిని పంపగలదు ప్రభూ?”

రాజుకు సంగతి తట్టింది. పకపకా నవ్వాడు. నవ్వితే గడ్డ సలిపి “అబ్బా” అన్నాడు, మళ్లీ నవ్వాడు.

“ఇందుకేనా నన్ను ఇంతసేపు నిలబెట్టావు?”

“కూర్చోబెట్టలేను కదా ప్రభూ.”

వారం తిరక్కుండా స్త్రీల ఆరోగ్య కచేరీ వెలిసింది. మంత్రసానులదే పెత్తనం. వెనకవీధిలోకి ఒక తలుపు. కేకలవాడికి ప్రవేశం లేదు. మొదటి రోజే బారు ఏనుగుల సాల దాకా పోయింది. ఆ బారులో ముసుగు వేసుకుని నిలబడ్డది ఎవరో కాదు, మహారాణి.

“నీకేమిటి?” అన్నాడు రాజు, రాత్రి భోజనం దగ్గర.

“ఆరేళ్లుగా నడుమునొప్పి.”

“నాతో చెప్పలేదేం?”

“చెబితే కేక వేయిస్తారేమోనని.”

మాచమ్మ కాళ్ల వాపు మందుతో తగ్గింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని మంత్రసాని చెప్పాక తిప్పన గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఆ పూట ముద్ద దిగింది. రాజు అతనికి శాలువా కప్పి, చేతికి కంకణం తొడిగి, ఆ కచేరీ బాగోగులు అప్పగించాడు. స్త్రీలకు రోగమే లేదని చెక్కించబోయిన ఆ రాతిని ఏమీ చెక్కకుండానే కచేరీ ముంగిట్లో వేయించాడు, వచ్చిన ఆడవాళ్లు కూర్చోవడానికి.

ఇదీ కథ. మీరు ఇంకొకరికి చెప్పండి. గడ్డ దగ్గర ఎంతసేపైనా నవ్వించండి గాని, వెనకవీధి తలుపు సంగతి మాత్రం వదిలేయకండి. విన్నవాళ్లను కూడా మరొకరికి చెప్పమనండి.